చేపల చెరువు పూడ్చి బడి కట్టిన షావుకారు

ఈసారి నేను రాసేది మన దేశం మనిషి గురించి కాదు. పేరు టాన్ కా కీ. చైనాలో ఫుజియాన్ రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున ఉన్న జిమెయ్ అనే పల్లెలో 1874లో పుట్టారు. 1890లో ఓడెక్కి సింగపూర్ వెళ్లి వాళ్ల నాన్న బియ్యం కొట్లో పనికి కుదిరారు. అప్పుడు సింగపూర్ ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉండేది.

కొన్నేళ్లకు నాన్న వ్యాపారం దివాలా తీసింది. తండ్రి అప్పు కొడుకు కట్టాలని అక్కడి చట్టంలో లేదు. అయినా సంపాదించి మొత్తం తీర్చేశారు. షావుకారు అప్పంటే ఏంటో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు, అందుకే ఈ సంగతి నా మనసులో ఉండిపోయింది.

1904లో అనాసపండ్లు డబ్బాల్లో పెట్టి అమ్మే ఫ్యాక్టరీ పెట్టారు. 1906లో 1,80,000 రబ్బరు గింజలు కొని అనాస మొక్కల మధ్యనే నాటించారు. రబ్బరు చెట్టు పాలు ఇవ్వడానికి ఆరేడేళ్లు పడుతుంది. అందాకా అనాసే కూడు పెట్టాలి. తర్వాత రబ్బరు బూట్లు, టైర్లు చేయించి లక్షలు గడించారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మలయాలో రబ్బరు తోటలు అడవి కొట్టి వేసినవే. చైనా కూలీలు, అరవ కూలీలు, మన తెలుగు కూలీలు కూడా ఓడల్లో పోయి ఆ తోటల్లో చెమటోడ్చారు.

జిమెయ్‌లో వంశాల తగాదాల వల్ల ఎవరి బడి వాళ్లదే. ఆయన 1913లో అందరికీ కలిపి ఒకే బడి పెట్టారు. స్థలం లేకపోతే చేపల చెరువు కొని, మట్టితో పూడ్పించి కట్టించారు. 1917లో ఆడపిల్లలకు బడి, 1918లో పంతుళ్లకు శిక్షణ బడి, 1921లో షియామెన్ విశ్వవిద్యాలయం.

1929 తర్వాత రబ్బరు ధర పడిపోయింది. బడులకు డబ్బు ఆపితే నీ కంపెనీని నిలబెడతామని పరాయివాళ్లు ముందుకొచ్చారు. ఆయన ఒప్పుకోలేదు. విశ్వవిద్యాలయం కోసం బంగళాలు కూడా అమ్మేశారు. 1934లో కంపెనీ మూతపడింది. వ్యాపారం తెలిసినవాళ్లు పిచ్చిపని అంటారేమో, నేను మాత్రం అనలేను. బడి మూస్తే ఆ పిల్లలు మళ్లీ వలల దగ్గరికే కదా! చివరికి 1937లో విశ్వవిద్యాలయాన్ని ప్రభుత్వానికి అప్పగించారు. జిమెయ్ బడులను మాత్రం వదల్లేదు.

జపాన్ చైనా మీద పడ్డప్పుడు విరాళాలు పోగుచేశారు. సుమారు 3,200 మంది డ్రైవర్లను, మెకానిక్కులను బర్మా రోడ్డుకు పంపించారు. 1942లో సింగపూర్ జపాన్ చేతిలో పడగానే జావాలో మారుపేరుతో దాక్కున్నారు. 1950లో జిమెయ్ చేరి, యుద్ధంలో కూలిన బడులను మళ్లీ కట్టించారు. 1961లో బీజింగ్‌లో చనిపోయారు. సమాధి జిమెయ్‌లోనే, బడులకు దగ్గర్లో ఉంది.