బళ్ళారి రాఘవ

పండుగ వచ్చిందంటే మన పల్లెల్లో నాటకం కూడా వస్తుంది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో జాతర జరిగే రాత్రి హార్మోనియం మోగుతుంది. కురుక్షేత్ర నాటకంలో దుర్యోధనుడు గద భుజాన వేసుకొని రంగం మీదికి వస్తాడు. క్రిస్మస్ వేళ చర్చి ఆవరణలో పిల్లలు గొల్లలుగా, తూర్పు దేశపు జ్ఞానులుగా వేషాలు వేసుకొని క్రీస్తు జననాన్ని ఆడి చూపుతారు. పండుగనాడు ఇంటిల్లిపాదీ కలిసి సినిమాకు వెళ్లడం పట్టణాలలో ఒక వేడుక. ఇలా నాటకం, సినిమా మన సంతోషాలలో కలిసిపోయాయి. అయితే నాటకాన్ని పొద్దుపుచ్చే వినోదంగా కాక, జీవితాన్ని ఉన్నది ఉన్నట్లు చూపే కళగా భావించి, దానికోసం జీవితాంతం పాటుపడిన మహానటుడు ఒకరున్నారు. ఆయనే బళ్ళారి రాఘవ.

రాఘవ అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. ఆయన 1880 ఆగస్టు 2వ తేదీన అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. తండ్రి నరసింహాచార్యులు, తల్లి శేషమ్మ. ఆయన పెరిగిందీ, చదివిందీ, పేరు తెచ్చుకొన్నదీ బళ్ళారిలో. అందువల్ల ఇంటిపేరు మరుగునపడి, ఊరి పేరే ఆయన పేరులో నిలిచిపోయింది.

ఆ రోజులలో బళ్ళారి మద్రాసు రాజధానిలో ఒక జిల్లా కేంద్రం. అక్కడి వీధులలో తెలుగు, కన్నడం రెండూ వినిపించేవి. తెలుగు నాటకానికి అది పుట్టినిల్లు వంటిది. ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు అక్కడే న్యాయవాదిగా ఉండేవారు. ఆయన 1886లో సరసవినోదినీ సభను స్థాపించి, తాను రాసిన నాటకాలను ఆడించారు. ఆయన రాఘవకు స్వయానా మేనమామ. చారిత్రక నాటకాలకు పేరుపడిన కోలాచలం శ్రీనివాసరావు కూడా బళ్ళారి న్యాయవాదే. ఆయన సుమనోరమ సభ పేరుతో మరొక నాటక సమాజాన్ని నడిపారు. ఒకే ఊరిలో రెండు సమాజాలు పోటీపడి నాటకాలు ఆడుతుంటే చూస్తూ పెరిగిన బాలునికి నటన మీద మనసు పోవడంలో ఆశ్చర్యం లేదు. రాఘవ చిన్న వయసులోనే రంగస్థలం ఎక్కారు.

బళ్ళారిలో హైస్కూలు చదువు ముగించి, రాఘవ మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులయ్యారు. ఆనాటి ప్రిన్సిపాలు విలియం మిల్లర్ షేక్‌స్పియర్ నాటకాల మీద పుస్తకాలు రాసిన పండితుడు. రాఘవకు కూడా ఆ ఆంగ్ల నాటకకర్త మీద అమితమైన అభిమానం ఏర్పడింది. బళ్ళారిలో షేక్‌స్పియర్ క్లబ్బును స్థాపించి, ఆ నాటకాలను మిత్రులతో కలిసి ప్రదర్శించారు. 1905లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొని, బళ్ళారిలో న్యాయవాదిగా స్థిరపడ్డారు. క్రిమినల్ కేసులు వాదించడంలో దిట్ట అనిపించుకొన్నారు. పగలు న్యాయస్థానంలో వాదన, రాత్రి రంగస్థలం మీద నటన. ఈ రెండు పనులూ ఆయన జీవితంలో పక్కపక్కనే సాగాయి. వృత్తి వల్ల అన్నం దొరికింది కనుక నాటకాన్ని అమ్ముకోవలసిన అవసరం ఆయనకు కలగలేదు.

రాఘవ ధరించిన పాత్రలు అనేకం. హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, చాణక్యుడు వాటిలో ముఖ్యమైనవి. కోలాచలం శ్రీనివాసరావు రచించిన రామరాజు నాటకంలో పఠాన్ రుస్తుం పాత్ర ఆయనకు గొప్ప పేరు తెచ్చింది. షేక్‌స్పియర్ పాత్రలలో ఒథెల్లో, షైలాక్ వంటివి ధరించారు. ఒక పాత్రకూ మరొక పాత్రకూ పోలిక లేకుండా నటించడం ఆయన ప్రత్యేకత.

ఆయన గొప్పతనం తెలియాలంటే ఆనాటి నాటకం ఎలా ఉండేదో తెలుసుకోవాలి. అప్పట్లో నాటకమంటే పద్యం, పద్యమంటే రాగం. ఏ పాత్ర అయినా, ఏ సందర్భమైనా నటుడు గొంతెత్తి రాగం తీయవలసిందే. ప్రేక్షకులు మెచ్చి వన్స్‌మోర్ అని కేకలు వేస్తే, పాడిన పద్యాన్నే మళ్లీ పాడవలసిందే. కొడుకు చనిపోయి తల్లి విలపించే ఘట్టంలో కూడా ఈ పోటీ ఆగేది కాదు. పాట గెలిచేది, పాత్ర ఓడిపోయేది. రాఘవకు ఈ పద్ధతి నచ్చలేదు. దుఃఖంలో ఉన్న మనిషి సంగీత కచేరీ చేయడు కదా! అందువల్ల ఆయన రాగాలాపనను తగ్గించి, మాటకు ప్రాధాన్యం ఇచ్చారు. మాటను ఎక్కడ విరవాలి, ఎక్కడ మౌనంగా ఉండాలి, ముఖంలో ఏ భావం కనిపించాలి అన్న విషయాల మీద దృష్టి నిలిపారు. పద్యం కోసమే వచ్చిన ప్రేక్షకులను కాదని ఇలా నటించడం సాహసమే. కాని రాఘవ చప్పట్ల కోసం తన పద్ధతిని మార్చుకోలేదు.

ఆయన చేసిన మరొక సంస్కరణ స్త్రీ పాత్రలకు సంబంధించినది. సురభి వంటి కుటుంబ నాటక సమాజాలలో స్త్రీలు నటిస్తూనే ఉండేవారు. తక్కిన సమాజాలలో మాత్రం స్త్రీ పాత్రలను ఎక్కువగా పురుషులే ధరించేవారు. చదువుకొన్న ఇంటి ఆడపిల్ల రంగస్థలం ఎక్కితే లోకం తప్పు పట్టేది. స్త్రీ పాత్రను స్త్రీయే ధరించాలని రాఘవ పట్టుబట్టారు. ఆయన ప్రోత్సాహంతో కొమ్మూరి పద్మావతీదేవి వంటివారు రంగస్థలం మీదికి వచ్చారు. ఈ పనికి పూనుకొన్నందుకు విమర్శలు వచ్చినా ఆయన వెనుదీయలేదు. పురాణ కథలతో తృప్తి పడక, సాంఘిక నాటకాలను కూడా ప్రదర్శించారు. తరువాతి కాలంలో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన పి.వి. రాజమన్నార్ రచించిన తప్పెవరిది అనే నాటకం వాటిలో ఒకటి. వివాహ జీవితంలో స్త్రీకి జరిగే అన్యాయాన్ని గురించి ప్రేక్షకులను ఆలోచింపజేసిన నాటకమది.

రాఘవ తెలుగులోనే కాక కన్నడం, హిందీ, ఆంగ్ల భాషలలోనూ నటించారు. బెంగుళూరులోని అమెచ్యూర్ డ్రమాటిక్ అసోసియేషన్‌తో ఆయనకు సన్నిహిత సంబంధం ఉండేది. 1927లో మహాత్మాగాంధీ ఆరోగ్యం దెబ్బతిని, మన నంది కొండ మీద కొన్ని వారాలు విశ్రాంతి తీసుకొన్నారు. అక్కడి నుండి బెంగుళూరుకు వెళ్లారు. ఆ సమయంలోనే రాఘవ నటించిన దీనబంధు కబీర్ అనే హిందీ నాటకాన్ని గాంధీజీ చూశారు. హిందువులనూ ముస్లిములనూ ఒక్కటిగా చూసిన కబీరు కథ అది. ఆ నాటకం గాంధీజీ మెప్పును పొందింది.

1928లో రాఘవ ఇంగ్లండు వెళ్లారు. అక్కడి నాటకశాలలను, నటులు చేసే సాధనను, రంగాలంకరణను శ్రద్ధగా పరిశీలించారు. ప్రసిద్ధ నాటకకర్త జార్జి బెర్నార్డ్ షాను కలుసుకొన్నారు. ఆనాటికి ఆయన వయసు దాదాపు 48 ఏళ్లు. అప్పటికే పేరు పొందిన నటుడు అయినా, నేర్చుకోవలసింది ఇంకా ఉందని భావించడం ఆయన వినయానికి నిదర్శనం.

1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద విడుదలయింది. రంగస్థల నటులు ఒక్కొక్కరే సినిమాలలోకి రాసాగారు. రాఘవ 1936లో ద్రౌపదీ మానసంరక్షణంలో దుర్యోధనునిగా నటించారు. అదే కథతో మరొక చిత్రం కూడా ఆ ఏడాదే వచ్చింది. ఆ పోటీలో రాఘవ నటించిన చిత్రం విజయం సాధించలేదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో వచ్చిన రైతుబిడ్డ ఆయన నటించిన చిత్రాలలో ముఖ్యమైనది. జమీందార్ల చేతిలో రైతులు పడే కష్టాలను ఆ చిత్రం చూపింది. దానిని నిర్మించిన సంస్థ వెనుక ఉన్నవారు చల్లపల్లి జమీందారే కావడం విశేషం. ఇతర జమీందార్లు మాత్రం ఆగ్రహించి, చిత్ర ప్రదర్శనకు అడ్డుపడ్డారు. 1940లో వచ్చిన చండికలో కూడా రాఘవ నటించారు. ఆయన నటించిన సినిమాలు కొన్నే. ఎదురుగా ప్రేక్షకులు కూర్చొని ఉండే రంగస్థలమే ఆయనకు ప్రాణం.

రాఘవ 1946 ఏప్రిల్ 16వ తేదీన కన్నుమూశారు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. నేడు అది కర్ణాటకలో ఉంది. అక్కడి రాఘవ కళామందిరం ఆయన పేరును నిలుపుతున్నది. తెలుగువారు, కన్నడిగులు ఇరువురూ ఆయనను తమవాడనే చెప్పుకొంటారు. కైవారం నారాయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పిన నేల మనది. ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష మాట్లాడే మనకు రాఘవ జీవితం కొత్తగా తోచదు. ఆయన రెండు భాషలలో దేనినీ పరాయిదిగా చూడలేదు.

ఈసారి జాతరలో నాటకం చూసినప్పుడు గాని, పాఠశాల వార్షికోత్సవంలో మీరే వేషం వేసినప్పుడు గాని, గొంతు ఎంత బిగ్గరగా ఉన్నదని కాక, ఆ పాత్ర బాధ మనకు అందినదా అని గమనించండి. రాఘవ తెలుగు నాటకానికి నేర్పిన చూపు అదే.