వయొలిన్, వీణ, మృదంగం: కలకత్తాలో సి.వి. రామన్ నాద పరిశోధన

కోల్‌కతాలోని బౌబజార్ వీధికి ఇప్పుడు బిపిన్ బిహారీ గంగూలీ వీధి అని పేరు. అక్కడి 210వ నంబరు ప్రాంగణంలో నేడు వాణిజ్యశాస్త్రం బోధించే గోయెంకా కళాశాల నడుస్తోంది. వందేళ్ళ కిందట అదే చిరునామాలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ఉండేది. పగలంతా ప్రభుత్వ జమాఖర్చులు సరిచూసే ఒక యువ అధికారి, తెల్లవారుజామునా సాయంత్రం పొద్దుపోయాకా అక్కడికి వచ్చి తీగలు బిగించి, వాటి కంపనాలను ఛాయాచిత్రాలుగా పట్టేవారు. ఆయన చంద్రశేఖర వెంకట రామన్. ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది కాంతి పరిశోధన. దానికి ముందు పదిహేనేళ్ళపాటు ఆయనను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం నాదం.

రామన్ 1888 నవంబర్ 7న తిరుచిరాపల్లి సమీపంలోని తిరువానైక్కావల్‌లో జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్‌కు విశాఖపట్నంలోని శ్రీమతి ఎ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతిక శాస్త్రాల ఉపాధ్యాయ పదవి లభించడంతో 1892లో ఆ కుటుంబం సముద్రతీరంలోని ఆ పట్టణానికి తరలివచ్చింది. రామన్ బాల్యం, పాఠశాల చదువు విశాఖలోనే సాగాయి. తండ్రి వయొలిన్ వాయించేవారు. ఇంట్లో ఒకవైపు భౌతిక శాస్త్ర గ్రంథాలు, మరోవైపు వయొలిన్. పదకొండో ఏట మెట్రిక్యులేషన్ గట్టెక్కిన ఆ బాలుడికి ఈ రెండూ వేర్వేరు లోకాలుగా తోచలేదు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ స్వరానుభూతిపై రాసిన గ్రంథం చిన్న వయసులోనే ఆయన చేతికందింది. స్వరమాధుర్యాన్ని కొలవవచ్చన్న ఆలోచన అక్కడే నాటుకుంది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో 1904లో బి.ఏ., 1907లో ఎం.ఏ. ప్రథమ స్థానంలో పూర్తయ్యాయి. ఇంగ్లండ్ వెళ్ళి పై చదువులు చదివేందుకు ఆరోగ్యం అనుకూలించదని వైద్యుడు తేల్చిచెప్పారు. ఆనాటి భారతదేశంలో విజ్ఞానశాస్త్రం జీవనోపాధి కాగల వృత్తి కాదు. రామన్ ఆర్థిక శాఖ పోటీ పరీక్ష రాసి మొదటి స్థానం సాధించారు. అదే ఏడాది లోకసుందరితో వివాహం జరిగింది. ఆమె వీణపై త్యాగరాజ కీర్తన వాయిస్తుండగా రామన్ తొలిసారి విన్నారని ఆ కుటుంబ కథనం. 1907 నడివేసవిలో పద్దెనిమిదేళ్ళ అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా ఆయన భార్యతో కలిసి కలకత్తా చేరుకున్నారు.

ట్రాములో వెళ్తుండగా బౌబజార్ వీధిలో అసోసియేషన్ నామఫలకం కంటబడింది. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ 1876లో విరాళాలు సేకరించి స్థాపించిన సంస్థ అది. భారతీయులే స్వయంగా పరిశోధనలు చేయాలన్నది ఆయన కల. ఉపన్యాసాలు జరిగాయి గానీ, పరిశోధకులు రాలేదు. ఆ నిరాశతోనే ఆయన 1904లో కన్నుమూశారు. తలుపు తట్టిన రామన్‌కు ఎదురైనది అక్కడి సహాయకుడు ఆశుతోష్ డే. సంస్థాపకుని కుమారుడు అమృతలాల్ సర్కార్ ఆ యువకుడిని ఆదరించి ప్రయోగశాల అప్పగించారు. వాడకం లేక దుమ్ముపట్టిన పరికరాలకు మళ్ళీ పని దొరికింది.

1909లో రంగూన్‌కు, తరువాత నాగపూర్‌కు బదిలీలు వచ్చాయి. 1911లో కలకత్తాకు తిరిగి వచ్చాక రామన్ అసోసియేషన్ పక్కనే నివాసం ఏర్పరచుకున్నారు. రెండింటికీ నడుమ ఒక తలుపు పెట్టించుకోవడంతో రాత్రి ఏ వేళనైనా ప్రయోగశాలలోకి నడిచి వెళ్ళే వీలు కలిగింది. బెంగాల్ బౌల్ గాయకులు మీటే ఏక్‌తారాపై ఆయన 1909లోనే ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. ఒంటి తీగ వాద్యం కూడా గణితానికి తగిన విషయమేనని భావించిన అధికారి ఆ రోజుల్లో మరొకరు ఉన్నారనుకోవడం కష్టం. ఈ పనికి ప్రత్యేక పరికరాలు దొరికేవి కావు. కావలసినదాన్ని ఆయన, ఆశుబాబు కలిసి అక్కడే తయారు చేసుకునేవారు. కళాశాల మెట్లెక్కని ఆశుతోష్ డే పేరిట 1919లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఒక పరిశోధన పత్రం వెలువడింది. రామన్ వద్ద పనిచేయడం ఎలాంటి శిక్షణో చెప్పడానికి ఇంతకు మించిన దాఖలా అక్కరలేదు.

ముందుగా ఆయన తీసుకున్న సమస్య కమానుతో మీటే తీగది. కమాను ఒకే వేగంతో ఒకే దిశలో సాగుతుంది. తీగ మాత్రం క్షణానికి వందలసార్లు అటూ ఇటూ ఊగుతుంది. కమాను జుట్టు తీగను పట్టి కొంత దూరం లాక్కెళ్తుంది. అది జారిపోగానే మళ్ళీ పట్టుకుంటుంది. ఆ సమయంలో తీగ మీద ఒక మడత ఈ కొస నుంచి ఆ కొసకు పరుగులు తీస్తుందని హెల్మ్‌హోల్ట్జ్ కనుగొన్నారు. మడతలు ఒకటి కాకుండా రెండు, మూడు, అంతకన్నా ఎక్కువైతే ఏమవుతుందో రామన్ లెక్కగట్టి, తీగ కదలికలన్నింటినీ వర్గాలుగా విభజించారు. ప్రతి వర్గాన్నీ ఛాయాచిత్రంలో చూపారు. వయొలిన్ కుటుంబ వాద్యాల యాంత్రిక సిద్ధాంతం పేరిట ఈ కృషి 1918లో అసోసియేషన్ 15వ బులెటిన్‌గా అచ్చయింది. మొదటి భాగమని దానిపై ముద్రించారు. రెండో భాగం ఎన్నడూ రాలేదు.

చెల్లో వాయించేవారిని వేధించే తోడేలు స్వరం సంగతి 1916లో తేలింది. మంచి వాద్యంలో సైతం ఒక్కొక్క స్వరం వద్ద కమాను తడబడుతుంది, ధ్వని గురగురలాడుతుంది. వాద్యపు చెక్క డొల్లకు తనదైన సహజ కంపనం ఉంటుంది. తీగ స్వరం దానితో కలిసినప్పుడు డొల్ల తీగ శక్తిని వేగంగా లాగేసుకుంటుంది. కమాను ఒత్తిడి అంత శక్తిని అందించలేక తీగ పై స్థాయి స్వరంలోకి జారుతుంది. డొల్ల శాంతించగానే తీగ తిరిగి అసలు స్వరానికి వస్తుంది. ఇదే మళ్ళీ మళ్ళీ జరగడం వల్ల ఆ గురగుర. తయారీదారులు దోషంగా భావించిన దానికి ఒక శక్తి వ్యాపారం కారణమని రామన్ తేల్చారు. నేటి విద్యుత్ గిటారు తయారీని అభిరుచిగా చేపట్టేవారు మెడ మీద కొన్ని మెట్ల దగ్గర స్వరం త్వరగా చచ్చిపోతోందని వాపోతుంటారు. అక్కడా తీగ శక్తిని మెడ కంపనమే కాజేస్తుంది.

ఈ మధ్యలో 1917లో జీవితాన్ని మలుపు తిప్పిన నిర్ణయం వచ్చింది. కలకత్తా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన సర్ ఆశుతోష్ ముఖర్జీ కొత్తగా ఏర్పడిన పాలిత్ భౌతిక శాస్త్ర ఆచార్య పీఠానికి రామన్‌ను ఎంచుకున్నారు. అంగీకరిస్తే జీతం దాదాపు సగానికి పడిపోతుంది. ఆర్థిక శాఖలో ఉన్నత పదవులు ముందున్నాయి, పెద్ద కుటుంబం ఆధారపడి ఉంది. పదేళ్ళపాటు ఇంటికీ కార్యాలయానికీ నడుమ దాచుకున్న అభిరుచి, ఇప్పుడు కుటుంబ ఆదాయాన్నే కోరుతోంది. రామన్ ఉద్యోగానికి రాజీనామా చేశారు.

వయొలిన్‌ను యంత్రంతో వాయించిన ప్రయోగం 1920లో వెలువడింది. వాద్యకారుడి చేయి ఎంత నేర్పుగలదైనా రెండుసార్లు ఒకే ఒత్తిడి ఇవ్వదు, ఒకే వేగంతో కదలదు. కొలత కావాలంటే చేతిని తొలగించాలి. రామన్ కమానును నిలిపి ఉంచి, వయొలిన్‌నే సమవేగంతో ముందుకూ వెనక్కూ నడిపే సాధనం నిర్మించారు. ఏ స్వరానికి, గుర్రానికి ఎంత దూరాన, కనీసం ఎంత ఒత్తిడి ఉంటే తీగ నిండుగా పలుకుతుందో వరుసగా కొలిచారు. గుర్రమంటే తీగలను మోసి వాటి కంపనాన్ని డొల్లకు చేర్చే చెక్క. కమాను గుర్రానికి దగ్గరయ్యే కొద్దీ కావలసిన ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. డొల్ల గట్టిగా ప్రతిధ్వనించే స్వరాల దగ్గర కూడా అంతే. వాద్యకారుల వేళ్ళకు ఎప్పుడో తెలిసిన సంగతికి అంకెలు దొరికాయి.

ఆ తరువాత రామన్ దృష్టి స్వదేశీ వాద్యాలపైకి మళ్ళింది. ఆయన కృషిలో అన్నింటికంటే సొంతదనమున్న అధ్యాయం ఇదే. తీగను ఏ బిందువు వద్ద మీటితే, ఆ బిందువు వద్ద నిశ్చలంగా ఉండే ఉపస్వరాలు వినిపించకూడదని యూరప్ శాస్త్రం చెబుతోంది. విద్యుత్ గిటారులో తీగ కదలికను గ్రహించే అయస్కాంత సాధనాన్ని గుర్రం దగ్గర బిగిస్తే ఒక ధ్వని, మెడ దగ్గర బిగిస్తే మరో ధ్వని రావడానికి మూలం కూడా ఇలాంటి సూత్రమే. వీణ, తంబూరా ఈ నియమానికి లొంగవని రామన్ 1921లో చూపించారు. వీటి గుర్రం పదునైన అంచు కాదు, వెడల్పుగా, కొద్దిగా వంపు తిరిగిన ఉపరితలం. తంబూరాలో తీగకూ ఆ ఉపరితలానికీ నడుమ జీవాళి అనే నూలుపోగు ఉంటుంది. కంపించే తీగ ఆ వంపును పదేపదే తాకుతూ విడుస్తూ ఉండడంతో, మీటిన చోట పుట్టరాని ఉపస్వరాలు కూడా పుట్టుకొస్తాయి. తంబూరా నాదం గదంతా నిండినట్టుండే అనుభూతికి ఇదే ఆధారం. ఆయన పెరిగిన విశాఖకు ఉత్తరాన బొబ్బిలిలో ఒకే పనస దుంగ నుంచి వీణ చెక్కే శిల్పులు, గుర్రంపై లోహపు పలకను చెవితో వింటూ రవంత రవంతగా సరిదిద్దుతారు. లెక్క రాయకపోయినా వారు చేస్తున్నది అదే పని.

మృదంగం, తబలాల విషయం ఇంకా విస్మయకరం. సాగదీసిన చర్మాన్ని కొడితే వచ్చే ఉపస్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. డోలు మోతకు శ్రుతి కుదరకపోవడానికి కారణం అదే. మృదంగం కుడివైపు చర్మం నడుమ వేసే నల్లని పూత ఈ దుస్థితిని మారుస్తుందని రామన్, శివకాళీ కుమార్‌తో కలిసి 1920లో నేచర్ పత్రికలో ప్రకటించారు. మధ్యలో బరువు తగిన మోతాదులో చేరితే చర్మపు కంపనాలు ఒద్దికగా వరుసలోకి వచ్చి, తీగ వాద్యంలా శ్రుతిబద్ధమైన స్వరాలిస్తాయి. చర్మంపై సన్నని ఇసుక చల్లి, అది పేరుకునే గీతలను బట్టి ఒక్కొక్క కంపన రూపాన్నీ ఆయన చూపారు. పేరు తెలియని పూర్వులు ఏ సమీకరణమూ లేకుండా ఈ పరిష్కారానికి చేరుకున్నారు.

1921 వేసవిలో విశ్వవిద్యాలయాల మహాసభ కోసం ఆయన తొలిసారి ఇంగ్లండ్ వెళ్ళారు. లండన్ సెయింట్ పాల్ చర్చి గుమ్మటం లోపల గుసగుసలు గోడ వెంట ప్రయాణించే తీరును అక్కడా పరీక్షించారు. తిరుగు ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలిమ ఆయనను కాంతివైపు లాగింది. 1924లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1928 ఫిబ్రవరి 28న రామన్ ప్రభావం, 1930లో నోబెల్ బహుమతి వచ్చాయి. అయినా నాదాన్ని పూర్తిగా వదల్లేదు. జర్మనీలో వెలువడిన భౌతిక శాస్త్ర బృహత్ సంకలనంలో సంగీత వాద్యాల అధ్యాయాన్ని 1927లో ఆయనే రాశారు. 1933లో కలకత్తా విడిచి బెంగళూరు చేరాక, మరుసటి ఏడాది మృదంగంపై సమగ్ర పత్రం ప్రచురించారు. 1970 నవంబర్ 21న బెంగళూరులో ఆయన తుదిశ్వాస విడిచారు.

కమాను తీగపై ఆయన చేసిన పని చాలాకాలం గ్రంథాలయాల్లోనే ఉండిపోయింది. దానిని మళ్ళీ ఆచరణలోకి తెచ్చినవారిలో అభిరుచి కొద్దీ వాద్యాల వైపు వచ్చినవారే ముందున్నారు. అమెరికాలో పాఠశాల ఉపాధ్యాయినిగా పనిచేసి, ఇంట్లోనే వయోలాలు తయారు చేయడం మొదలుపెట్టిన కార్లీన్ హచిన్స్, చెల్లో వాయించే విశ్రాంత ఇంజనీరు జాన్ షెలెంగ్ మరికొందరితో కలిసి 1963లో క్యాట్‌గట్ అకౌస్టికల్ సొసైటీని నెలకొల్పారు. కమాను ఒత్తిడి ఎక్కడ చాలదో, ఎక్కడ మితిమీరుతుందో గీత గీసి చూపే షెలెంగ్ పటం 1973లో వెలువడింది. అందులోని కనీస ఒత్తిడి లెక్కకు పునాది, కలకత్తాలో నిలకడగా ఉన్న కమాను కింద అటూ ఇటూ కదిలిన ఆ వయొలిన్.