కొత్వాలు వెంకటరామారెడ్డిగారు

దండాధికారము చేతనున్నవారికి ప్రజలు వెఱచుట లోకసహజము. ఆ యధికారముచే గలిగిన పలుకుబడిని విద్యాదానమునకు వినియోగించినవా రరుదు. రాజా బహద్దరు వెంకటరామారెడ్డిగా రట్టివారు.

వారు 1869లో వనపర్తి సంస్థానమున జన్మించిరి. నైజాము పోలీసుశాఖలో అమీనుగా బ్రవేశించి, మెట్టుమెట్టుగా బైకి వచ్చి, 1920లో హైదరాబాదు నగర కొత్వాలైరి. అసఫ్‌జాహీల పాలనలో నా పదవి నందిన ప్రథమ హిందువు వారే. 1934 వఱకు, అనగా పదునాలుగేండ్లు, ఉస్మాన్ అలీఖాను విశ్వాసమునకు బాత్రులై యా భారమును వహించిరి.

అది తెలుగువారికి గడ్డుకాలము. రాజభాష ఉర్దూ, 1918లో నేర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు నదియే. 1921లో నగరమున జరిగిన యొక సభలో తెలుగున బ్రసంగింప బూనిన వక్తను సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను.

పల్లెలనుండి చదువునకై నగరమునకు వచ్చు బాలురకు నిలువనీడ గావలెనని రెడ్డిగారు గుర్తించిరి. వారి పూనికచే 1918లో రెడ్డి హాస్టలు వెలసెను. ఒక కులము పేర బుట్టుట దాని కొక కొఱతయే. అయినను దాని ఫలము కులపు గోడలు దాటెను. ఆ హాస్టలునకు గార్యదర్శిగా బనిచేసిన సురవరము ప్రతాపరెడ్డిగారే 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. అందు వసించి చదివిన రావి నారాయణరెడ్డిగారు పిదప నైజాము ప్రభుత్వముపై సాగిన సాయుధపోరాటమునకు నాయకులైరి.

ఇందొక వైపరీత్యము గలదు. సభలకు ముందుగా ననుమతి పొందవలెనని నిర్బంధించిన 53వ గస్తీ 1929లో వెలువడినపుడు నగరరక్షణము రెడ్డిగారి చేతిలోనిదే. వారు ప్రభువు నెదిరింపలేదు. తిరుగుబాటు వారి మార్గము గాదు. ఈ విషయమును మఱుగుపఱచి వారిని స్తుతించుట న్యాయము గాదు. కాని వారు నాటిన విద్యాబీజము రాజశాసనమున కతీతముగ బెరిగినది. చదివిన యువకుడు ప్రశ్నింపక మానునా?

1948లో నైజాము పాలన యంతరించుట గన్నులార జూచి, 1953లో వారు కీర్తిశేషులైరి. నేడు తెలంగాణ పోలీసు అకాడమీయు, నారాయణగూడలోని మహిళా కళాశాలయు వారి పేర వెలయుచున్నవి. లాఠీకిని బలపమునకును నొకే పేరు గలుగుట మిక్కిలి యరుదు. అధికారము పదవితో ముగియును. పదుగురికి జెప్పించిన చదువు తరతరములు నిలుచును.