పెళ్లిని కాదన్న పిల్ల, లక్షల మందికి అమ్మ: దుర్గాబాయి దేశ్‌ముఖ్

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మనం రాత్రి అన్నం తినే వేళకి మన ఊళ్లో ఇంకా పొద్దు వాలదు. షిఫ్ట్ దిగి ఇంటికి ఫోన్ చేస్తే కబుర్ల మధ్యలో ఒక్కోసారి ఒక మాట వస్తుంది. పిల్లకి పదో తరగతి అయిపోయింది, మంచి సంబంధం వచ్చింది, నువ్వు డబ్బు పంపితే పెళ్లి చేసేస్తాం అని. అప్పుడు మనం ఏం చెప్పాలి? ఈ ఏడాది దుర్గాబాయమ్మ గారి జీవితాన్ని తలుచుకోవడం అందుకే.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం తనకు వద్దని ధైర్యంగా చెప్పేశారు. ఇంట్లో నాన్న, తమ్ముడు అండగా నిలబడ్డారు. ఆ అండే లేకపోతే మనకి ఈ కథ ఉండేది కాదు.

చిన్నతనంలోనే ఆడపిల్లలకి హిందీ పాఠశాల పెట్టారు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా ఉండి, టికెట్ లేదని నెహ్రూ గారినే ఆపేశారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో దిగి జైలుకి వెళ్లారు. తమ మీద ఏ కేసు ఉందో, చట్టం ఏం చెబుతుందో తెలియక మగ్గిపోతున్న ఆడవాళ్లని అక్కడే చూశారు. లా చదవాలని ఆ రోజుల్లోనే నిశ్చయించుకున్నారు.

ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టి మెట్రిక్ పాసయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకి హాస్టల్ లేదంటే, ఇంకొందరు అమ్మాయిలను కూడగట్టి తామే హాస్టల్ నడుపుకున్నారు. బి.ఏ. తర్వాత మద్రాసులో లా కూడా పూర్తిచేశారు.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లకి మెట్రిక్ పాఠాలు, చేతిపనులు నేర్పించారు. తర్వాత ఆస్పత్రి, నర్సుల శిక్షణ కూడా వచ్చాయి. తను కాదనుకున్న భర్త మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆయన చనిపోయాక, ఆ రెండో భార్యకి కూడా ఈమే ఆసరా అయ్యారు.

రాజ్యాంగ సభలో సభ్యురాలిగా పనిచేశాక, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు. చింతామణి దేశ్‌ముఖ్ గారితో పెళ్లి జరిగిందీ ఆ ఏడాదే. మరుసటి ఏడాది నుంచి బోర్డు పల్లెలకు కదిలింది. కొన్ని ఊళ్లు కలిపి ఒక కేంద్రం: పిల్లలకి బాల్వాడి, గర్భిణులకి, బాలింతలకి వైద్యసాయం, ఆడవాళ్లకి అక్షరాలు, కుట్టుపని. ఈ పనులకి గ్రామసేవికలు, మంత్రసానులు, టీచర్లు కావాలి. కానీ పల్లెల్లో చదువుకున్న ఆడవాళ్లు ఏరీ? అందుకే 1958లో, పెద్దయ్యాక రెండేళ్లలో మెట్రిక్‌కి తయారయ్యే కోర్సులు తెచ్చారు. ఎంతోమంది వితంతువులు, భర్త వదిలేసిన ఆడవాళ్లు ఆ దారిలోనే ఉద్యోగస్తులయ్యారు.

1975లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1981 మే 9న కన్నుమూశారు. హైదరాబాదులో ఆమె పేరున ఉన్న ఆస్పత్రి మనలో చాలామందికి తెలిసిందే.

మనలో కొందరం ఇక్కడ నర్సులం, వృద్ధాశ్రమాల్లో సేవ చేసేవాళ్లం. ఎవరో ఒకరు ఆ రోజు మనల్ని చదవనిచ్చారు కాబట్టే ఇంత దూరం రాగలిగాం. అందుకే ఊరి నుంచి ఆ ఫోన్ వచ్చినప్పుడు డబ్బు కాలేజీ ఫీజుకి పంపుతామని గట్టిగా చెబుదాం. పద్దెనిమిది నిండని పిల్లకి పెళ్లి చేయడం నేరమని గుర్తుచేద్దాం. అయినా వినకపోతే, ఊళ్లో ఉన్న మనవాళ్ల చేత 1098కి ఫోన్ చేయిద్దాం. ఇంట్లో గర్భిణి ఉంటే నెలనెలా పరీక్షకి వెళ్తోందా అని ఆమెనే అడుగుదాం.

ఆ రోజు దుర్గాబాయమ్మకి నాన్న, తమ్ముడు ఉన్నారు. ఈ రోజు మన ఊరి పిల్లకి మనం ఉండాలి.