డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

ఉప్పల్ మార్గమున, నాచారమునకు చేరువనున్న హబ్సిగూడలో, జీవకణములను పరిశోధించు సి.సి.యం.బి. యను సంస్థ కలదు. అది 1977లో ఆరంభమయ్యెను. ఆ దారిని పోవు విద్యార్థులు, కణముల రహస్యమును శోధించి లోకోపకారము చేసిన ఒక ఆంధ్రుని చరిత్రము నెఱుగుట యుచితము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. పేదఱికము వారిని మిక్కిలి బాధించెను. మెట్రిక్యులేషను పరీక్షయందు మూడవసారి గాని జయము కలుగలేదు. స్ప్రూ అను గ్రహణివ్యాధి వారి యన్నగారిని బలిగొనెను. చెన్నపురిలో వైద్యము చదివి, 1922లో బోస్టను చేరి, హార్వర్డునందు పరిశోధకులైరి. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లిరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. అది స్ప్రూ రోగులకు మేలు చేసెను. అన్నగారికి మాత్ర మందలేదు.

కణములు వృద్ధిపొందుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దానిని పోలియుండి, దాని పనిని నిలుపు అమినాప్టెరిన్ అను మందును అదే బృందము సిద్ధపఱచెను. బోస్టనులో సిడ్నీ ఫార్బరుగారు రక్తపు క్యాన్సరుగల 16 మంది పిల్లలకు దానినిచ్చి, 10 మందికి కొంతకాలము గుణము కలిగెనని 1948లో ప్రకటించిరి.

క్యాన్సరు ఒకచోటనే యున్నయెడల శస్త్రముతో తీయవచ్చును. రక్తములో బడి వ్యాపించినచో శస్త్రమున కందదు. గడ్డనుండి విడివడి రక్తమున జేరిన కణములలో పెక్కు నశించును. కాని గుంపుగట్టి పోవునవి మిక్కిలి ప్రమాదకరములు. ఒంటికణముకంటె అట్టి గుంపునకు క్రొత్తగడ్డను మొలిపించు శక్తి 23 మొదలు 50 రెట్లు హెచ్చని 2014లో ఎలుకలపై జరిగిన పరిశోధనము తెలిపెను. ఇట్లు దేహమంతట వ్యాపించు శత్రువును మందు మాత్రమే వెంటాడగలదు. అమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేటు, గర్భాశయమున బుట్టి రక్తముద్వారా ఊపిరితిత్తులకు వ్యాపించిన ఒక క్యాన్సరును 1956లో నయముచేసెను.

ఆ విజయమును సుబ్బారావుగారు చూడలేదు. 1948 ఆగస్టులో, తమ 53వ యేట, అమెరికాలో మరణించిరి. మెథోట్రెక్సేటు నేటికిని ఆసుపత్రులలో వాడుకయందున్నది. విద్యార్థులారా! పరీక్షలో రెండుమాఱులు ఓడిన బాలుడు, ఓటమికి వెఱవనందున, ఎందఱి ప్రాణములకో ఆధారమయ్యెనని మఱువకుడు.