మరాంగ్ గోమ్కే జైపాల్ సింగ్ ముండా

నేటి జార్ఖండ్‌లోని ఖూంటీ ప్రాంతంలో, టక్రా గ్రామంలో, ముండా కుటుంబంలో 1903 జనవరి 3న జైపాల్ సింగ్ జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం సాధించిన భారత హాకీ జట్టుకు కెప్టెన్ ఆయనే. 1939లో ఆదివాసీ మహాసభ అధ్యక్షులయ్యారు. రాజ్యాంగ సభలో మన హక్కుల కోసం గట్టిగా మాట్లాడారు. జనం ఆయనను మరాంగ్ గోమ్కే, అంటే మహానాయకుడు అని పిలుచుకున్నారు.

మహాసభ ఆదివాసులది. అయితే ఆ నేల మీద ఇతరులూ ఎందరో ఉన్నారు. వారు కలిసిరాకుండా ప్రత్యేక రాష్ట్రం రాదని ఆయన గ్రహించారు. 1950లో జార్ఖండ్ పార్టీ పెట్టి ఆదివాసేతరులకూ సభ్యత్వం ఇచ్చారు. మన భూములు లాక్కున్న దికూలకు మన పార్టీలో చోటేమిటని సొంతవాళ్లే కొందరు నొచ్చుకున్నారు. అయినా 1952 ఎన్నికల్లో కోడిపుంజు గుర్తు మీద 32 స్థానాలు గెలిచి, పార్టీ బీహార్ శాసనసభలో ప్రధాన ప్రతిపక్షమైంది.

1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం జార్ఖండ్ కోరికను తోసిపుచ్చింది. 1962 నాటికి పార్టీ బలం 20 స్థానాలకు తగ్గింది. 1963లో జైపాల్ సింగ్ పార్టీని కాంగ్రెస్‌లో విలీనం చేశారు. చాలామంది కార్యకర్తలు దీన్ని ఒప్పుకోలేక వేర్వేరు వర్గాలుగా విడిపోయారు. 1970 మార్చి 20న ఆయన కన్నుమూశారు. జార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబర్ 15న ఏర్పడింది.

యువ మిత్రులారా! పదిమందిని ఇంట్లోకి పిలవడం వల్ల ఆయన పార్టీ పెరిగింది. ఇల్లే అప్పగించడంతో చెదిరింది. మన సంఘాల్లో ఈ తేడా గుర్తుంచుకుందాం.

జోహార్!