చాకలి తల్లి కుమారుడు

డెన్మార్కు కథకుడగు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్‌ను లోకము పిల్లల రచయితగా నెరుగును. ఆ బిరుదు ఆయనకు తగనిది కాదు; కాని చాలినదియు గాదని మా యభిప్రాయము.

1805 సం. ఏప్రిల్ 2వ తేదీన ఓడెన్సీ పట్టణమున ఆయన జన్మించెను. తండ్రి చెప్పులు కుట్టువాడు. చదువ నేర్చినవాడగుటచే కుమారునకు అరేబియా కథలు చదివి వినిపించెడివాడు. అతడు 1816లో మరణించెను. తల్లికి అక్షరములు రావు. బాల్యమున ఆమెను కన్నవారే బిచ్చమెత్తుటకు వీధిలోనికి పంపిరి. పెండ్లియైన పిదప, పరుల బట్టలను ఏటిలో నిలిచి యుతికి కుటుంబమును పోషించెను. శరణాలయములో నూలు వడకు ముసలమ్మలు చెప్పిన కథలే బాలునకు తొలి విద్య.

పదునాలుగవ యేట, నటుడు కావలెనని, ఒంటరిగా కోపెన్‌హేగెన్ చేరెను. గొంతు మారుటతో ఆ యాశ చెడెను. రాజనాటకశాల యధికారి యోనాస్ కోలిన్ దయదలచి, రాజు ద్రవ్యముతో 1822లో బడికి పంపెను. పదునేడేండ్ల యువకుడు చిన్న పిల్లలతో కలిసి కూర్చుండవలసి వచ్చెను. ప్రధానోపాధ్యాయుని యెత్తిపొడుపులు ముదిమిలో సైతము ఆయనకు పీడకలలై వచ్చుచుండెడివట!

1835లో ఆయన కథల తొలి పొత్తము వెలువడెను. అది నోటిమాట వలె నున్నదనియు, నీతి బోధింపదనియు విమర్శకులు గర్హించిరి. ముసలమ్మల మాటను మార్చక వ్రాయుటయే దాని ప్రాణమని వారు గుర్తింపరైరి. గ్రాంథికమున వ్రాయు మేమీ మాట యనుట పాఠకులకు వింతగా తోచవచ్చును. అయినను నిజము నిజమే. 1837 నాటి చక్రవర్తి కొత్తబట్టల కథకు మూలము ప్రాచీన స్పానిష్ గాథ. రాజు దిగంబరుడని బాలుడు పలుకుట మాత్రము ఆండర్సన్, అచ్చుప్రతులు దిద్దునప్పుడు, చివరిక్షణమున చేర్చినది. ఆ చేర్పు లేనిచో నేడా కథ నెవరు తలతురు?

ఆయన బాల్యమున నొక చాకలి స్త్రీ త్రాగుచున్నదని యిరుగుపొరుగు నిందించినప్పుడు, తల్లి యామె పక్షము వహించెను. వేడి యన్నము లేక రోజంతయు చల్లని నీటిలో నిలుచుదానిని తప్పుపట్ట రాదని కుమారునకు చెప్పెను. తుదకు తానును ఆ వ్యసనమునకే లోబడి, 1833లో ఓడెన్సీ బీదల సత్రమున కన్నుమూసెను. ఆ వార్త రోములోనున్న కుమారుని చేరెను. సుమారిరువది యేండ్లకు ఆయన యొక చాకలిదాని కథ వ్రాసెను. ఊరి పెద్ద యామెను పనికిమాలినదని తీర్పు చెప్పును; ఆమె ఏటి యొడ్డున పనిచేయుచునే కూలును; అది నిజమాయని కుమారుడు అడుగగా, నామె యెరుకగల ముసలిది కాదని చెప్పును. ఆయన కథలలో మే మన్నిటికంటె నెక్కువగా నెంచునది యిదియే. రాజభవనములలో నతిథిగా నున్నను ఆయన కలము బీదసాదలను విడువలేదు: చలిలో గడ్డకట్టిన అగ్గిపుల్లల బాలిక కథను 1845లో ఒక ప్రభువు మేడలో నుండగానే వ్రాసెను.

1867 సం. డిసెంబరు 6వ తేదీన ఓడెన్సీ ఆయనను గౌరవ పౌరునిగా జేసి, వీథులన్నిటను దీపములు వెలిగించెను. తల్లి బీదల సత్రమున మరణించి అప్పటికి ముప్పదినాలుగేండ్లు. ఆ రాత్రి ఆయనకు తీవ్రమైన పంటినొప్పి. కాగడాలు పట్టిన జనమునకు కనబడుటకై తెరచిన కిటికీనుండి చలిగాలి వీచినపుడెల్ల బాధ హెచ్చుచుండెను. అయినను పాటలు ముగియు వరకు నచ్చటనే నిలిచెను. 1875 ఆగస్టు 4వ తేదీన, కోపెన్‌హేగెన్ చెంత మిత్రుల యింట మరణించెను.